ఎడమచేతికి ఏం పని?

1991లో జపాన్, అమెరికా కీబోర్డు కంపెనీల సంఘాలు రెండూ కలిసి ఒక జాబితా ఒప్పుకున్నాయి. దాని పేరు జనరల్ మిడి. 128 వాయిద్యాలకి 128 నంబర్లు. ఎవరి పెట్టె అయినా, ఏ దేశంలో కొన్నా, ఒకటో నంబరు పియానోయే మోగాలి. ఇందులో 105 నుంచి 112 దాకా ఎనిమిది గదులు 'ఎత్నిక్' అనే వర్గానికి ఇచ్చారు. సితార్, బాంజో, షామిసెన్, కోటో, కలింబా, బ్యాగ్‌పైప్, ఫిడిల్, షెహనాయి. అమెరికా పల్లెల బాంజో, జపాన్ కోటో, స్కాట్లండ్ బ్యాగ్‌పైపు అన్నీ ఒకే చూరు కింద సర్దుకున్నాయి. వీణ లేదు, నాదస్వరం లేదు, మృదంగం లేదు. 125 టెలిఫోన్ గంట, 126 హెలికాప్టర్, 127 చప్పట్లు, 128 తుపాకీ పేలుడు.

వీణకి లేని చోటు తుపాకీకి దొరికిందని ఫిర్యాదు చెయ్యడం తేలిక. అది న్యాయమైన ఫిర్యాదే. కానీ హెలికాప్టర్‌ని ఖాళీ చేయించి ఆ గదిలో వీణని పెట్టినా పెద్దగా ఒరిగేది కాదని నా అనుమానం. కీబోర్డుల గురించి మాట్లాడేవాళ్ళు మూడు విషయాలు పోలుస్తారు: సౌండ్ ఎలా ఉంది, ధర ఎంత, కొన్నాక సపోర్ట్ దొరుకుతుందా. మూడూ పోల్చాల్సినవే, నేనూ పోలుస్తాను. కానీ మన సంగీతం వైపు నుంచి చూస్తే వీటికంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఇంకోటి ఉంది. వాయించేవాడి ఎడమచేతికి ఈ పెట్టె ఏం పని ఇచ్చింది?

ముందు పెట్టెల సంగతి. 1983 జనవరిలో అమెరికాలో జరిగిన నామ్ ప్రదర్శనలో సీక్వెన్షియల్ సర్క్యూట్స్ వారి ప్రాఫెట్-600ని, రోలాండ్ వారి జూపిటర్-6ని ఒక కేబులుతో కలిపారు. ఒకదాని మెట్లు నొక్కితే రెండోది మోగింది. అదే మిడి. దాని వెనక ఉన్న ఇద్దరు, డేవ్ స్మిత్, ఇకుటారో కకెహాషి, ముప్ఫై ఏళ్ళ తర్వాత 2013లో టెక్నికల్ గ్రామీ అందుకున్నారు. ఆ కేబుల్లో శబ్దం ప్రవహించదు. ఏ మెట్టు నొక్కారు, ఎంత గట్టిగా నొక్కారు, ఎప్పుడు వదిలారు అన్న కబురు మాత్రమే వెళ్తుంది, సెకనుకి 31,250 బిట్ల వేగంతో. నా ఉద్యోగంలో రోజూ చూసే ఏ ప్రోటోకాల్ కూడా నలభై ఏళ్ళు ఇంత చెక్కుచెదరకుండా బతకలేదు. అసూయగా ఉంటుంది.

కబురు వేరు, శబ్దం వేరు అయ్యాక మెట్లు లేని వాయిద్యం సాధ్యమైంది. అదే సౌండ్ మాడ్యూల్. 1987లో రోలాండ్ ఎంటి-32 వచ్చింది, ధర 695 డాలర్లు. మరుసటి ఏడు సియెరా కంపెనీ 'కింగ్స్ క్వెస్ట్ 4' ఆటకి సంగీతం దీని కోసమే రాయించింది. 1991లో అదే రోలాండ్ ఎస్‌సి-55 సౌండ్ కాన్వాస్, 795 డాలర్లు. ఒకేసారి 24 స్వరాలు, 16 వాయిద్యాలు. ఆ ఏడాది రూపాయి విలువ తగ్గించాక లెక్క కడితే దాదాపు ఇరవై వేలు, దిగుమతి సుంకం కలపకుండా. ఇంత పెట్టి కొన్నాక కూడా ఆ పెట్టె తనంతట తాను కిక్కురుమనదు. దానికో కీబోర్డు కావాలి, కేబుళ్ళు కావాలి, స్పీకర్లు కావాలి, పాట ముందే ఎక్కించిన కంప్యూటరో సీక్వెన్సరో కావాలి. స్టూడియో మనిషికి ఇది వరం. పెళ్ళి పందిట్లో వాయించేవాడికి మాత్రం తలనొప్పి.

అరేంజర్ కీబోర్డుది ఇంకో వంశం. దాని పుట్టుక స్టూడియోలో కాదు, డబ్బున్న ఇళ్ళ హాల్లో. ఇంట్లో ఆర్గన్ వాయించుకునే పెద్దమనిషికి వెనక తాళం వేసేవాడు లేడు. 1963లో ఇంగ్లండులో వచ్చిన మెలోట్రాన్‌కి పక్కపక్కనే రెండు వరసల మెట్లు ఉండేవి. కుడివైపు మెట్లు నొక్కితే టేపు మీద రికార్డు చేసిన వేణువో వయొలినో పలికేది. ఎడమవైపు నొక్కితే టేపు మీది బ్యాండు మోగేది. మిడి దగ్గర చెప్పిన కకెహాషి, రోలాండ్ పెట్టకముందు ఏస్ టోన్ అనే కంపెనీ నడిపాడు. ఆయన 1967లో తెచ్చిన రిథమ్ ఏస్ ఎఫ్ఆర్-1 అనే తాళాల పెట్టె హేమండ్ ఆర్గన్లలోకి ఎక్కింది. అంటే రెండు వంశాల మొదట్లోనూ ఈయన ఉన్నాడన్న మాట. శబ్దాన్ని చేతి నుంచి విడదీసింది ఆయనే, చేతి కింద బ్యాండు పెట్టిందీ ఆయనే.

ఆ తర్వాత కథ ఇటలీకి వెళ్తుంది. చాలామంది దాటేసే ఈ మలుపే నాకు అన్నిటికంటే ఆసక్తిగా ఉంటుంది. ఇటలీ తూర్పు తీరాన మార్కే అనే ప్రాంతం ఉంది. అక్కడి కాస్టెల్‌ఫిదార్దో పట్టణం పందొమ్మిదో శతాబ్దం నుంచి అకార్డియన్లకి పెట్టింది పేరు. రోలాండ్ 1988లో ఇ-20 అనే అరేంజర్ తెచ్చినప్పుడు దాని వెనక ఉన్నది ఈ ప్రాంతంలోని అక్వావివా పిచేనాలో పెట్టిన రోలాండ్ యూరప్. కోర్గ్ వారి పిఎ సిరీస్ తయారైంది కాస్టెల్‌ఫిదార్దో పొరుగునే ఉన్న ఓసిమోలో. కెట్రాన్ కంపెనీది అంకోనా. జపాన్ పేర్లు ఉన్నా ఈ పెట్టెల ఆలోచనలో చాలా భాగం అకార్డియన్ ఊళ్ళలో జరిగింది.

అకార్డియన్ చూశారుగా? కుడిచెయ్యి పాట వాయిస్తుంది. ఎడమచేతి వైపు బొత్తాలుంటాయి. ఒక్క బొత్తం నొక్కితే ఒక కార్డ్, అంటే మూడు స్వరాల గుత్తి, మొత్తం మోగుతుంది. అరేంజర్ కీబోర్డు సరిగ్గా ఇదే పని విభజన. ఎడమచెయ్యి కార్డ్ పట్టుకోవాలి, కుడిచెయ్యి పాట వాయించాలి, మిగిలిన బ్యాండుని పెట్టె చూసుకుంటుంది. నేర్చుకునేవాళ్ళకి యమహా సింగిల్ ఫింగర్ అనే సులువు దారి కూడా ఇచ్చింది. ఒక్క మెట్టు నొక్కితే మేజర్. దానితోపాటు ఎడమపక్క నల్లమెట్టు నొక్కితే మైనర్, తెల్లమెట్టు నొక్కితే సెవెన్త్.

ఒక స్టైల్ లోపల ఏముంటుందో చూస్తే ఈ ఆలోచన ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. యమహా స్టైల్ ఫైలు విప్పితే లోపల ఉండేది మామూలు మిడియే. ఎనిమిది భాగాలు. రెండు రిథమ్, ఒక బేస్, రెండు కార్డ్, ఒక ప్యాడ్, రెండు ఫ్రేజ్. తయారుచేసేవాళ్ళు వీటిని సాధారణంగా సి మేజర్ సెవెన్త్ అనే కార్డులో వాయించి పెడతారు. వెంట ఒక పట్టిక ఉంటుంది. మీ ఎడమచెయ్యి ఎఫ్ పట్టుకున్నా, ఎ మైనర్ పట్టుకున్నా, ఏ భాగంలో ఏ స్వరం ఎటు జరగాలో ఆ పట్టిక చెబుతుంది. ముచ్చటైన ఇంజనీరింగ్. ఒక చిన్న ఫైలులో ఒక బ్యాండు మొత్తానికీ సంగీత జ్ఞానం ఎక్కించారు.

కానీ ఏ సంగీతానిది ఆ జ్ఞానం? సి మేజర్ సెవెన్త్ అంటే మన లెక్కలో స, గ, ప, ని. ఇప్పుడు మోహనంలో ఒక పాట వాయించండి. మోహనంలో మ, ని రెండూ లేవు. రాగం వాటిని వద్దంది కాబట్టే అది మోహనం అయింది. మీ కుడిచెయ్యి ఎంత నిష్ఠగా ఐదు స్వరాల్లోనే తిరిగినా, వెనక నడిచే బేస్ ఒక కార్డ్ నుంచి ఇంకో కార్డుకి వెళ్తూ దారిలో మ మీద కాలు పెట్టేస్తుంది. ఫ్రేజ్ భాగం నిషాదాన్ని మెరిపిస్తుంది. వాయించేవాడు చెయ్యని తప్పు అతని చేతికింద జరిగిపోతుంది. పెట్టెకి కార్డ్ తెలుసు, రాగం తెలియదు.

ఇంతకుముందు మన దగ్గర ఎడమచెయ్యి ఏం చేసేది? హార్మోనియంలో అది ఊపిరి పోసేది. సురభి నుంచి మొదలుపెట్టి పద్యనాటకం ఆడిన ప్రతి కంపెనీలోనూ హార్మోనిస్టు ఎడమచెయ్యి తిత్తి మీద, కుడిచెయ్యి మెట్ల మీద. నటుడు రాగం తీస్తుంటే తిత్తి బిగించి, సడలించి, ఆ గొంతుకి తగ్గట్టు శబ్దాన్ని పెంచి తగ్గించేవాడు. హార్మోనియం మీద అభియోగాలు లేవని కాదు. గమకం పలకదని, మన శ్రుతులకి పనికిరాదని ఆకాశవాణి 1940లో దాన్ని నిషేధించింది. 1971 దాకా తలుపు తెరవలేదు. అన్ని అభియోగాల మధ్య కూడా ఆ ఎడమచెయ్యి పాడేవాడి వెంటే ఉండేది. అరేంజర్ వచ్చాక అదే చెయ్యి పాడేవాడిని వదిలి బ్యాండు వెంట వెళ్ళింది.

ఇక్కడ ఒక సాంకేతిక విషయం చెప్పాలి. గమకం పలకకపోవడం మిడి తప్పు కాదు. మిడిలో పిచ్ బెండ్ అనే కబురు ఉంది. స్వరాన్ని పైకో కిందకో వంచడానికి అందులో 16,384 మెట్లు. మామూలుగా ఇవి రెండు అర్ధస్వరాలు పైకి, రెండు కిందకి పరుచుకుంటాయి. లెక్క వేస్తే ఒక్కో మెట్టు ఒక సెంటులో నలభయ్యో వంతు. పక్కపక్క అర్ధస్వరాల మధ్య దూరం నూరు సెంట్లు. మనిషి చెవికి ఇంతకంటే సన్నటి తేడా అక్కర్లేదు. ఆ చక్రం ఉండేది కీబోర్డు ఎడమ చివర. తిప్పాల్సింది ఎడమచెయ్యి. కర్ణాటక కచేరీలు కీబోర్డు మీద చేసిన సత్యనారాయణన్ వాయించడం చూడండి. కుడిచెయ్యి స్వరం మీద, ఎడమచెయ్యి వంపు మీద. మరి అరేంజర్ వాయించే మనిషికి ఆ చెయ్యి ఎక్కడ ఖాళీ? అది కార్డ్ పట్టుకుని కూచుంది. వీణ టోన్ ఇవ్వనందువల్ల కాదు, చెయ్యి ఇవ్వనందువల్ల మన పాట ఈ పెట్టెలో గట్టిగా, నిటారుగా నిలబడిపోయింది.

అరబ్బు, టర్కీ సంగీతాల వాళ్ళకీ ఇదే పెట్టె, ఇదే ఇబ్బంది. వాళ్ళకి మాత్రం కంపెనీలు పరిష్కారం ఇచ్చాయి. యమహా పిఎస్ఆర్-ఓఆర్700, ఆ తర్వాత ఎ2000, ఎ3000 లాంటి మోడళ్ళలో పన్నెండు స్వరాల్లో దేన్నైనా వాయిస్తూ వాయిస్తూనే పావుస్వరం కిందకి దింపుకోవచ్చు. మనకెందుకు ఇవ్వలేదని అడిగితే, మార్కెట్ సంగతి పక్కన పెడితే, నాకు తోచే జవాబు ఇది. వాళ్ళకి కావాల్సింది స్వరస్థానం మారడం. ఒక బొత్తంతో పని జరిగిపోతుంది. మనకి కావాల్సింది స్వరం కదలడం. కదలికకి బొత్తం చాలదు, చెయ్యి కావాలి.

మనకి అసలేమీ ఇవ్వలేదనడం అన్యాయమే అవుతుంది. యమహా పిఎస్ఆర్-ఐ455, ఐ500లలో తబలా, తంబూరా పెట్టారు. కాసియో పేరు చివర ఐఎన్ తగిలించి భారతీయ టోన్లతో సిటి-ఎక్స్9000ఐఎన్ లాంటివి అమ్మింది. చెన్నై దగ్గర యమహా ఫ్యాక్టరీయే పెట్టింది. అయినా ఇవన్నీ ఎక్కువగా ధ్వని ప్రశ్నకి జవాబులు. చేతి ప్రశ్న అలాగే ఉంది.

ఈ రెండు లోకాలూ ఢీకొనే చోటు చూడాలంటే కోస్తా జిల్లాల్లో ఏదైనా చర్చికి వెళ్ళండి. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో కీర్తన పైన రాగం పేరు, తాళం పేరు అచ్చువేసి ఉంటాయి. పందొమ్మిదో శతాబ్దంలో పురుషోత్తమ చౌదరి లాంటివాళ్ళు అలా కట్టిన పాటలవి. పుస్తకం ముందున్న కీబోర్డు ప్యానెల్ మీద మాత్రం స్టైల్, టెంపో, కార్డ్ అని ఉంటుంది. వాయించే కుర్రాడు ఆ రాగం పేరుకీ ఈ బొత్తాలకీ మధ్య ప్రతి ఆదివారం అనువాదం చేస్తుంటాడు. అతన్ని సంగీత విద్వాంసుడని ఎవరూ అనరు.

తయారుగా ఇచ్చిన స్టైల్ అంటేనే సంగీతానికి చావు అనే వాదన ఒకటుంది. నేను దాన్ని పూర్తిగా ఒప్పుకోను, జమైకా వల్ల. 1981లో కాసియో ఎంటి-40 అనే చిన్న కీబోర్డు తెచ్చింది. అందులో 'రాక్' అనే తాళం, దాని కింది బేస్ వరస కట్టింది హిరోకో ఒకుడా అనే యువ ఉద్యోగిని. 1985లో వేన్ స్మిత్, నిర్మాత కింగ్ జామీ కలిసి ఆ తాళాన్నే నెమ్మది చేసి 'అండర్ మి స్లెంగ్ టెంగ్' పాట చేశారు. జమైకా రెగే సంగీతం డిజిటల్ దారి పట్టడానికి అదే మొదలని చరిత్రకారులు రాస్తారు. జపాన్ ఉద్యోగిని రాసిన రెండు బార్ల వరస ఒక ద్వీపం సంగీతాన్ని మార్చేసింది. కాకపోతే అది బేస్ ప్రాణంగా ఉన్న సంగీతం, దొరికింది బేస్. మనకి ప్రాణం గొంతు వంపులో ఉంది, దొరికింది కార్డ్.

సరే, పోల్చమంటే పోలుస్తాను. సౌండ్ మాట వస్తే తొంభైల్లో మాడ్యూల్‌దే పైచెయ్యి. మెట్ల మీద, స్పీకర్ల మీద ఖర్చు పెట్టక్కర్లేదు కాబట్టి ఆ డబ్బంతా ధ్వనిలోకి పోయేది. 1994 నాటి రోలాండ్ జెవి-1080 స్టూడియో ర్యాకుల్లో స్థిరపడిందంటే కారణం అదే. 64 స్వరాలు, పైగా అదనపు ధ్వనుల బోర్డులు పెట్టుకోవడానికి నాలుగు సందులు. ఆసియా వాయిద్యాలకే ఒక బోర్డు అమ్మారు. కోర్గ్ దగ్గర తేడా తక్కువ. 1993 నాటి ఐ3 అరేంజర్, 05ఆర్/డబ్ల్యు మాడ్యూల్ రెండింటిలోనూ ఉన్నది ఒకే రకం ధ్వని యంత్రాంగం. ధర దగ్గర లెక్క తిరగబడుతుంది. మాడ్యూల్ చౌక, మాడ్యూల్ పనిచేయడానికి కావాల్సిన సరంజామా చౌక కాదు. మామూలు పిఎస్ఆర్ కొంటే స్పీకర్లతో సహా వస్తుంది, కరెంటు పోతే ఆరు లావు బ్యాటరీల మీద మోగుతుంది. రాత్రి పదకొండింటికి ఊరి మధ్య కరెంటు పోయిన పందిట్లో ఎస్‌సి-55 ధ్వని ఎంత గొప్పదైతే ఏం?

పైగా ఆర్కెస్ట్రాలో ఎనిమిది మంది ఉంటే ఎనిమిది మందికీ డబ్బివ్వాలి. అరేంజరూ, ప్యాడ్సూ ఉంటే ఇద్దరు చాలు. ప్యాడ్స్ కథ కూడా ఇదే వరస. 1985 నాటి మొదటి ఆక్టాప్యాడ్‌లో శబ్దమే లేదు, మాడ్యూల్ తగిలించుకోవాలి. 1998లో ఎస్‌పిడి-20 అనే పెట్టె 700 ధ్వనుల్ని లోపలే పెట్టుకుని వచ్చింది. మన దగ్గర అందరికీ తెలిసింది అదే. ఆ ఆరుగురూ ఏమయ్యారన్నది ఏ కంపెనీ చరిత్రలోనూ ఉండదు. ఈ పెట్టెల ధర గురించి మాట్లాడేటప్పుడు ఆ జీతాలు కూడా లెక్కలోకి రావాలని నా పట్టుదల.

సపోర్ట్ దగ్గర కథ మరీ విచిత్రం. మాడ్యూల్ పని ధ్వని ఒక్కటే కాబట్టి కంప్యూటరు దాన్ని మింగేసింది. 1996లో విఎస్‌టి, 1998లో గిగాశాంప్లర్ వచ్చాక ర్యాకులు ఖాళీ కావడం మొదలైంది. కానీ అలా మింగబడినవే బతికాయి. విండోస్‌లో మిడి ఫైలు నొక్కితే మోగేది రోలాండ్ దగ్గర లైసెన్సు తీసుకున్న మూడు మెగాబైట్ల పైచిలుకు ధ్వనులే. ఎంటి-32ని మంట్ అనే ఉచిత ప్రోగ్రాం అనుకరిస్తుంది. 1991లో రాసిన మిడి ఫైలు ఈ రోజు మీ లాప్‌టాప్‌లో పాడుతుంది. అరేంజర్ స్టైళ్ళకి ఆ అదృష్టం లేదు. రోలాండ్‌ది యమహాలో పలకదు, యమహాది కోర్గ్‌లో పలకదు. టెక్నిక్స్ కంపెనీ 2002 నాటి కెఎన్7000 తర్వాత ఈ వ్యాపారమే మానేసింది, దాని స్టైళ్ళు దానితోనే ఉండిపోయాయి. కొత్త యమహాల్లో మీరే శాంపిల్ చేసిన డప్పుని ఎక్కించుకోవచ్చు. ఆ ప్యాక్ తయారుచెయ్యాలంటే ముందు మీ కీబోర్డు నుంచి దాని గుర్తింపు ఫైలు తెచ్చి చూపాలి.

ఇది యూరప్ వాడికి చిరాకు కలిగిస్తుందేమో గానీ మనకి నష్టం ఇంకా పెద్దది. ఎందుకంటే ఫ్యాక్టరీ ఇవ్వని దాన్ని ఇక్కడి వాయిద్యకారులు చేతులతో రాసుకున్నారు. రిథమ్ ఒక్కటే ఉంచి మిగతావన్నీ ఆపేసి వాయించడం తెలిసినవాళ్ళు, మన తిశ్రగతి దరువులు సొంతంగా ఎక్కించుకున్నవాళ్ళు ప్రతి జిల్లాలోనూ ఉన్నారు. వాళ్ళ పని 720 కిలోబైట్ల ఫ్లాపీల మీద ఉంది. కీబోర్డులో ఫ్లాపీ డ్రైవు పాడైతే రిపేరు చేసేవాళ్ళు యుఎస్‌బి పెట్టుకునే గోటెక్ బిగిస్తారు. కీబోర్డు బాగవుతుంది. ఫ్లాపీలు మాత్రం చెత్తబుట్టకి వెళ్తాయి.

తెనాలి దగ్గర ఒక పెద్దాయన, చర్చిలోనూ పెళ్ళిళ్ళలోనూ వాయించినవారు, తన ఫ్లాపీలు పారెయ్యకుండా నాకిచ్చారు. పదకొండు ఫ్లాపీల్లో ఏడు చదవగలిగాను. యమహా స్టైళ్ళు కాబట్టి మిడి ఎడిటర్లో తెరుచుకున్నాయి. ఒకదాని పేరు 'కోలాటం1'. బేస్ వరస ఖాళీ. రెండు కార్డ్ వరసలూ ఖాళీ. ప్యాడ్, ఫ్రేజ్ ఖాళీ. ఎడమచెయ్యి ఏం పట్టుకున్నా దేనికీ ఏమీ కాదు, దాన్ని ఆయన విడిపించుకున్నారు. రిథమ్ వరసల్లో మాత్రం నోట్లు కిక్కిరిసి ఉన్నాయి. డప్పుకి కొంగా, బొంగో కలిపి వాడారు. కోలాటం కర్రలకి జనరల్ మిడి డ్రమ్ముల జాబితాలో 75వ నంబరు దొరికింది ఆయనకి: క్లేవ్స్, క్యూబా వాళ్ళు తాళానికి కొట్టుకునే రెండు కర్రముక్కలు. ప్రతి నాలుగో ఆవృత్తంలో ఒక కర్ర దెబ్బ కొంచెం ఆలస్యంగా పడుతుంది. ఎడిటర్ దాన్ని సరిచెయ్యమంటారా అని అడిగింది. వద్దన్నాను.